జపాను వారికి తెలియజేయునది ఏమనగా

మా నాన్న యుద్ధానికి వెళ్ళాడా లేదా అన్నది చెప్పవలసింది జపాను వాళ్ళేనని మా మండలాఫీసులో తేల్చారు. అది అన్యాయమని నేను అనను. ఎవరి మీదికి వెళ్ళాడో వాళ్ళకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కాకపోతే మా మునగలంకకీ జపానుకీ రాకపోకలు తక్కువ. మా ఊరికి బస్సే రోజుకి రెండుసార్లు వస్తుంది, అదీ డ్రైవరుకి ఒంట్లో బాగుంటే.

సంగతి మొదటినుంచీ చెబుతాను. పోయిన ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. మండలానికొక వీరశిల నిలబెట్టాలి, రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన మన మండలం వాళ్ళ పేర్లు దానిమీద చెక్కించాలి. అంతకు ముందు ఏడాది ఇలాగే మండలానికొక ఫౌంటెన్ కట్టమన్నారు, కట్టారు. అందులో ఇప్పుడు పంచాయతీ వాళ్ళ సిమెంటు బస్తాలు దాచుకుంటున్నారు. రాయి అయితే అట్లా పాడయ్యేది కాదు. అందుకని నాకు ఆశ పుట్టింది.

ఎనిమిది పేర్లు ఒక్క పూటలో తేలిపోయాయి. ఎనిమిది మందీ యుద్ధంలో పోయినవాళ్ళు. పోయినవాళ్ళ ఇళ్ళకి అప్పట్లో సర్కారు వాళ్ళు కాయితాలు పంపారు, వాళ్ళ మనవలు అవి తెచ్చి చూపించారు. మా నాన్న అడబాల గవరయ్య బతికి వచ్చాడు. అదే చిక్కయింది. బతికి వచ్చినవాడి ఇంటికి కాయితం ఎవరు పంపుతారు, మనిషే వస్తే? పటాలం వాళ్ళు చేతికిచ్చి పంపిన కాయితం ఒకటి ఉండేది గాని, అది యాభై మూడు వరదలో పెట్టెతో సహా పోయింది. ఢిల్లీకి రాయిస్తే పటాలం నంబరు చెప్పమన్నారు. నంబరు కాయితం మీద ఉంది, కాయితం గోదావరిలో ఉంది.

రాయి మీద పేరు లేకపోతే ఏం, అంటారు కొందరు. వాళ్ళు మా ఊళ్ళో పుట్టలేదు. మా నాన్న వెళ్ళేటప్పటికి నేను మా అమ్మ కడుపులో ఉన్నాను. ఆయన వెళ్ళిన నెలకి యర్రంశెట్టి కన్నయ్య రాజమండ్రి నుంచి వచ్చి, అక్కడ ఒక నాటకాల డేరాలో గవరయ్యని చూశాననీ, పక్కన ముక్కుపుడక మనిషి కూర్చుని తమలపాకులు చుట్టి ఇస్తోందనీ చెప్పాడు. ఆ మాట ఊరంతా తిరిగింది. మా అమ్మ నాలుగేళ్ళు దగ్గర్లో ఉన్న నూతికి వెళ్ళడం మానేసి, అవతలి లంక దాకా పోయి నీళ్ళు తెచ్చుకుంది. నాన్న తిరిగి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి. దాంతో ఊరికి అనుమానం ఇంకా బలపడింది. యుద్ధానికి వెళ్ళినవాడికి ఏదో ఒకటి తగ్గాలి గదా. పైగా ఆయన వంట చేస్తూ అర్థంకాని భాషలో కూనిరాగాలు తీసేవాడు. అది నాటకాల డేరాలో నేర్చిందేనన్నారు. ఎవరెంత అడిగినా మా నాన్న నవ్వి ఊరుకునేవాడు. యుద్ధం గురించి ఊళ్ళో ఒక్క ముక్క చెప్పేవాడు కాదు.

కన్నయ్య పోయాడు. వాళ్ళబ్బాయి భద్రం నా ఈడువాడు. ఆ మాట వాడికి ఆస్తితో పాటు సంక్రమించింది. ఎనభై దాటినా నేను వీధిలో కనిపిస్తే, "ఏం అచ్చియ్యమ్మా, నాటకం ఎప్పుడు?" అంటాడు. కాబట్టి ఆ రాయి మీద నాకు తొమ్మిదో పేరు కావాలి. అంతకు మించి ప్రభుత్వాన్ని నేనేమీ అడగలేదు.

అర్జీ పట్టుకుని మండలాఫీసుకి వెళ్ళాను. మా ఊరి వీఆర్వో త్రిమూర్తులు మంచివాడే. కుర్చీ వేశాడు.

"మామ్మగారూ, మీ నాన్నగారు యుద్ధంలో ఉన్నట్టు ఆధారం ఏంటండీ?"

"నేనే ఆధారం నాయనా. నన్ను కడుపులో వదిలి వెళ్ళేడు. నాకు నాలుగో ఏడు నడుస్తుండగా వచ్చేడు."

"అది ఇంట్లో లేనట్టు ఆధారం అండి. యుద్ధంలో ఉన్నట్టు కాదు."

అంత తెలివైనవాణ్ణి వీఆర్వోగా ఎందుకు ఉంచారో అనుకున్నాను. ఆ తర్వాత తహసీల్దారు గారి గదిలోకి తీసుకువెళ్ళాడు. ఆయన అర్జీని ఒకసారి తిప్పి వెనక కూడా చూశారు. వెనక ఏమీ లేదు.

"ఇది చాలా సున్నితమైన అంశం," అన్నారు. "ఉత్తర్వులో 'తగు విచారణ జరిపి' అని స్పష్టంగా పొందుపరచబడి ఉంది. విచారణ జరపకుండా వీరుణ్ణి గుర్తించే అధికారం ఈ కార్యాలయమునకు లేదు. త్రిమూర్తులూ, విచారణ ఫారం తీసుకురా."

ఆ ఆఫీసు పుట్టిన దగ్గర్నుంచీ అక్కడ జరిగిన విచారణ ఒక్కటే, పొలం హద్దుల విచారణ. ఫారం కూడా ఆ ఒక్కటే ఉంది. త్రిమూర్తులు దానిమీద దుమ్ము దులిపి నా ఎదురుగా కూర్చున్నాడు. తహసీల్దారు గారు అడుగుతుంటే అతను రాస్తున్నాడు.

"వివాదాస్పద స్థలము ఎక్కడ ఉన్నది?"

"బర్మాలో బాబూ."

"ఏ మండలం?"

"మండలాలు ఉన్నాయో లేదో నాన్న చెప్పలేదు. కొండలున్నాయి, వెదుళ్ళున్నాయి, జెలగలున్నాయి."

త్రిమూర్తులు కంప్యూటర్లో వెతికాడు. "జాబితాలో బర్మా రావట్లేదండి. ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకి వెళ్ళదండి. పక్కన బాపట్ల ఉంది."

"తాత్కాలికంగా అది నమోదు చేయి," అన్నారు తహసీల్దారు గారు.

ఆ విధంగా ఆఫీసు లెక్క ప్రకారం రెండో ప్రపంచ యుద్ధం బాపట్ల పరిసరాల్లో జరిగింది. బాపట్ల వాళ్ళకి ఈ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

"సదరు స్థలము ఎవరి అనుభవంలో ఉన్నది?"

"కొన్నాళ్ళు ఇంగ్లీషువాళ్ళు. తరవాత జపానువాళ్ళు వచ్చి లాక్కున్నారు. మళ్ళీ మనవాళ్ళు వెళ్ళి లాక్కున్నారు."

"కౌలు మారినట్టుంది," అన్నారు తహసీల్దారు గారు, త్రిమూర్తులు వైపు చూసి. "ఆ సాలు అడంగల్‌లో యుద్ధం నమోదై ఉందా?"

"చూడాలండి. ఉంటే వరి అనో అపరాలనో ఉంటుందండి. యుద్ధానికి గడి లేదు."

"మీ తండ్రిగారు ధరించిన ఆయుధం?"

"గరిటె బాబూ. రోడ్లు వేసే పటాలానికి వంట చేసేవాడు."

"లోహమా, కర్రా?"

"ఇనుము. పొడుగు కాడ."

"రాసుకో త్రిమూర్తులూ, పొడుగు పిడి గల ఇనుప ఆయుధము."

ఆ మాటకి నాకు సంతోషం వేసింది. మా నాన్న గరిటెని అంత మర్యాదగా ఎవరూ పిలవలేదు.

ఆఖరికి హద్దుల దగ్గరికి వచ్చారు. నాలుగు హద్దులూ చెప్పమన్నారు. నాన్న చెప్పింది గుర్తు తెచ్చుకుని చెప్పాను: తూర్పున జపానువాళ్ళు, పడమట మనవాళ్ళు, ఉత్తరాన కొండ, దక్షిణాన బురద. పొలం ఎవరిదో తేల్చాలంటే నాలుగు హద్దుల రైతులూ వచ్చి సంతకాలు పెట్టాలి కదా. కొండా బురదా సంతకం పెట్టలేవని త్రిమూర్తులు ఒప్పుకున్నాడు. మనవాళ్ళు పెడితే అది సొంత మనుషుల సాక్ష్యమవుతుంది, చెల్లదు.

తహసీల్దారు గారు కలం మూత పెట్టి అన్నారు: "ఇక మిగిలినది తూర్పు హద్దు. సదరు గవరయ్య మా మీదికి వచ్చి యుద్ధము చేసిన మాట వాస్తవమేనని తూర్పు హద్దుదారులు లిఖితపూర్వకంగా అంగీకరించవలెను. నోటీసు ఇవ్వండి. అభ్యంతరములకు ముప్పై రోజులు గడువు."

"జపానువాళ్ళకాండీ?" అన్నాడు త్రిమూర్తులు.

"హద్దుదారు ఎవరైతే వారికి. చట్టం ముందు అందరూ సమానమే."

నోటీసు రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. చిరునామా చోట 'తూర్పు హద్దుదారులు, జపాను' అని రాశారు. పన్నెండు రోజులకి తిరిగి వచ్చింది, ఇంటి నంబరు లేదని. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆఫీసు వాళ్ళకి బాగా తెలుసు. మనిషి దొరకకపోతే మండలంలో అతనికి సంబంధించిన ఆస్తి ఎక్కడుందో చూసి దానిమీద నోటీసు అంటిస్తారు. త్రిమూర్తులు మూడు రోజులు ఊళ్ళన్నీ తిరిగి జపాను ఆస్తి కోసం వెతికాడు. నాలుగో రోజున భద్రం ఇంటి ముందు ఆగాడు.

భద్రం కొడుకు నాట్లకి ముందు పొలం దమ్ము చేయడానికి కొన్న చిన్న ట్రాక్టరుంది. దాని ఇంజను జపానుది. పక్కనే ఇనుప రేకు మీద రాసి కూడా ఉంది. త్రిమూర్తులు మైదాపిండి జిగురు రాసి నోటీసు దాని మీద అంటించాడు.

భద్రం కేకలు మా ఇంటిదాకా వినిపించాయి. "ఒరే త్రిమూర్తులూ, ఆ గవరయ్య నాటకాలు ఆడింది రాజమండ్రిలో అయితే నా ట్రాక్టరుకి అంటిస్తావేంట్రా?"

"ట్రాక్టరుకి కాదండి భద్రంగారూ. జపానుకి అంటించేనండి. మీ పెరట్లో ఉందంతే."

"దమ్ము మొదలెట్టాలి రేపు!"

"ముప్పై రోజులు కదపకూడదండి. కదిపితే నోటీసు తప్పించుకున్నట్టవుతుంది. ఆ తప్పు జపాను మీద పడుద్ది."

అంతటితో ఆగలేదు. ఊరూరా ప్రచారం చెయ్యాలన్నారు. ఆఫీసుకి మైకు లేదు. ఉల్లిపాయలు అమ్మే ఆటోకి ఉంది. ఆ ఆటో అతనికి కాయితం రాసిచ్చారు. ఆ ముప్పై రోజులూ మా లంకల్లో ఆడవాళ్ళు పొద్దున్నే గిన్నెలు తోముకుంటూ వినేవారు: "ఎర్ర ఉల్లిపాయలమ్మా, గట్టి ఉల్లిపాయలు! జపాను వారికి తెలియజేయునది ఏమనగా, మునగలంక కాపురస్తుడు కీర్తిశేషులు అడబాల గవరయ్య మీ మీదికి వచ్చి యుద్ధము చేసినట్టు దావా అయినది. అభ్యంతరములు ఉన్నచో ముప్పై దినములలోగా పంచాయతీ ఆఫీసు నందు హాజరు కావలెను. నాసి సరుకు కాదమ్మా, తీసి చూసుకోండి!"

పది రోజులు విన్నాక జనం నన్ను పిలిచి మరీ, మీ నాన్న పేరు చెప్పి అమ్మినవేనంటూ ఉల్లిపాయలు చూపించారు. పక్క ఊరి ఆడవాళ్ళయితే, "మీ నాన్న జపాను మీదికి వెళ్ళేడంటగా, ఎంత మందిని తీసుకెళ్ళేడు పిన్నీ?" అని అడిగారు. ఎనభై ఏళ్ళు తిరిగిన మాట పక్కన ఇంకో మాట తిరగడం మొదలుపెట్టింది. భద్రానికి అది మింగుడుపడలేదు.

ముప్పయ్యో రోజు పంచాయతీ ఆఫీసులో విచారణ పెట్టారు. తహసీల్దారు గారు వచ్చారు, బల్ల మీద పచ్చ గుడ్డ పరిచారు. జనం కిటికీల దాకా నిండారు. భద్రం కొత్త పంచె కట్టుకుని అందరికంటే ముందు లేచాడు.

"నాకు అభ్యంతరం ఉందండి. గవరయ్య యుద్ధానికి వెళ్ళలేదు. నాటకాల కంపెనీతో పోయేడు. మా నాయన కళ్ళారా చూసేడు."

తహసీల్దారు గారు నోటీసు కాపీ తీసి మొత్తం చదివారు. చదివి, కళ్ళజోడు పైకి జరిపి అడిగారు: "మీరు జపాను దేశస్తులా?"

"నేనా అండి? కాదండి. యర్రంశెట్టి వాళ్ళం."

"తూర్పు హద్దుదారులకి వారసులా?"

"కాదండి."

"అయితే ఈ యుద్ధంతో మీకెలాంటి సంబంధమూ లేదు. సంబంధం లేనివారి అభ్యంతరం స్వీకరించడానికి వీలుపడదు. కూర్చోండి."

ఎనభై ఏళ్ళుగా మా అమ్మనీ నన్నూ కాల్చుకుతిన్న మాట అర నిమిషంలో కొట్టేశారు, చెప్పినవాడు జపానువాడు కాదన్న కారణం మీద. సర్కారు మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు. భద్రం కూర్చున్నాడు. కూర్చుని కూడా ఇంకా నిలబడినట్టే చూస్తున్నాడు.

"ఎదుటి పక్షం తరఫున ఎవరైనా హాజరయ్యారా?" అని త్రిమూర్తులు మూడుసార్లు పిలవాలి. ఒకసారి పిలిచాడు, రెండోసారి పిలిచాడు. మూడోసారి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

గుమ్మంలో ఒక ఆవిడ చెప్పులు విప్పుతోంది. నలభై దాటిన మనిషి, పొట్టిగా, తెల్లగా, నెత్తిన ఎండకి తువ్వాలు. విప్పిన చెప్పులు బయటివైపు తిప్పి, జతగా సర్ది పెట్టి లోపలికి వచ్చింది.

"ఆలస్యమైందండి. బస్సు రాలేదండి," అంది తెలుగులో. "నా పేరు హిసాకో అండి. జపాను నుంచి అండి. నోటీసు చూసేనండి."

సముద్రం ఒడ్డున కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో ఆవిడ మూడేళ్ళుగా ఇంజనీరు. అక్కడి పనివాళ్ళే ఆవిడకి తెలుగు నేర్పారు. ట్రాక్టరుకి అంటించిన నోటీసు ఎవరో ఫోటో తీస్తే, అది ఫోన్లలో తిరిగి తిరిగి వాళ్ళ దగ్గరికి చేరింది. వాళ్ళు నవ్వుతూ ఆవిడకి చూపించారు. ఆవిడ నవ్వలేదు. సెలవు పెట్టి వచ్చింది.

తహసీల్దారు గారి ముఖం పాలిపోయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన నోటీసుకి పక్క వీధివాళ్ళే సరిగా హాజరు కాలేదు. ఆయన లేచి నిలబడ్డారు. తరవాత, లేవకూడదేమోనని కూర్చున్నారు.

"మీకు అభ్యంతరం ఉన్నదా?"

"దేనికండి?"

"వీరి తండ్రిగారు మీ మీదికి యుద్ధానికి వచ్చినట్టు."

"లేదండి. వచ్చేరు కదండి." ఆవిడ నా వైపు తిరిగి తల వంచింది. "మా తాతగారు కూడా వెళ్ళేరండి బర్మా. మొరియామా షిగెరు అండి పేరు. అప్పటికి మా నాన్నగారు పుట్టలేదండి."

"వచ్చేడా తల్లీ?" అన్నాను.

"రాలేదండి. పెట్టె వచ్చిందండి. మా నాన్నమ్మగారు తెరిచేరండి. లోపల రాయి ఉందండి. ఎముకలు దొరకలేదని రాయి పెట్టేరండి."

బయట ఉల్లిపాయల ఆటో అతను కూడా మైకు ఆపి వింటున్నాడు. నాకు అప్పుడు ఆగలేదు. మా నాన్న మా అమ్మకీ నాకూ తప్ప ప్రపంచంలో ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. ఆ పిల్ల అంతదూరం నుంచి వచ్చి చెప్పులు సర్ది పెట్టి నిలబడితే, దాచుకుని నేనేం చేసుకుంటాను? చెప్పేశాను.

"వానాకాలంలో ఒక పొద్దున్న మా నాన్న గంజి కాస్తున్నాడమ్మా. పటాలం అంతా రోడ్డు పనికి పోయేరు. వెదుళ్ళలోంచి మీ వాడు ఒకడు బయటికొచ్చేడంట. తుపాకీ లేదు, బూట్లు లేవు, పక్కటెముకలు లెక్కెట్టొచ్చంట. మా నాన్న గరిటె ఎత్తేడు, కొడదామనే. ఎత్తిన గరిటె ఏం చెయ్యాలో తోచక గంజిలో ముంచేడంట. వాడు గొంతుక్కూర్చుని మూడు గిన్నెలు తాగేడు. తాగి, ఆ గిన్నె వాగులో కడిగి, రెండు చేతులా పట్టుకొచ్చి ఇచ్చి, నీకు మల్లే తల వంచి, మళ్ళీ వెదుళ్ళలోకి పోయేడు. శత్రువుకి కూడెట్టేనని తెలిస్తే పటాలం వాళ్ళు ఏం చేస్తారోనని మా నాన్న భయపడ్డాడు. అందుకే ఊళ్ళో యుద్ధం మాటెత్తితే నవ్వి ఊరుకునేవాడు. ఒక ముక్క చెబితే రెండోది కూడా బయటికొస్తదని."

హిసాకో రెండు చేతులూ ముఖానికి పెట్టుకుంది. "మా తాతగారు కాదేమోనండి," అంది.

"కాకపోవచ్చు తల్లీ."

"కావచ్చునేమోనండి."

"కావచ్చు."

తహసీల్దారు గారు కాయితం ముందుకి జరిపారు. "జపాను తరఫున ఇక్కడ సంతకం చేయండి."

"జపాను తరఫున నేను కాదండి. మా తాతగారి తరఫున పెడతానండి," అని ఆవిడ సంతకం పెట్టింది. నేను కూడబలుక్కుని నా పేరు రాశాను. వాంగ్మూలం మొత్తం, గంజితో సహా, త్రిమూర్తులు రాసుకున్నాడు. అంతా అయిపోయిందనుకుని ఇంటికి పోయి హాయిగా అన్నం తిన్నాను.

రాయి ఆవిష్కరణ శుక్రవారం. మంగళవారం ఆర్డరు వచ్చింది, రెండు కాయితాలు గుండుసూదితో గుచ్చి. ఆఫీసు తెలుగు నాకు అందదు. ఎవరిచేత చదివిద్దామా అని గుమ్మంలో నిలబడి ఉంటే భద్రం వచ్చాడు. విచారణ అయిన దగ్గర్నుంచీ వాడు మా వీధిలోకి రాలేదు.

"ఇలా తే," అని అరుగు మీద కూర్చుని చదివాడు.

మొదటి కాయితంలో ఇలా ఉంది: "మొదటి పక్షము అడబాల గవరయ్య, మునగలంక. రెండవ పక్షము మొరియామా షిగెరు, జపాను. పై ఇరువురును సదరు యుద్ధమునకు వెళ్ళి ఎదురెదురు పక్షములందు ఉండిన మాట వాస్తవమని ఉభయుల వారసులును అంగీకరించుటచే అట్లే ధ్రువీకరించడమైనది." కింద సంతకం, గుండ్రటి ముద్ర.

నాకు కళ్ళు మసకబారాయి. "ఇంకా ఉందాగు," అన్నాడు భద్రం. రెండో కాయితం చదివాడు.

"అయితే మొదటి పక్షము వారు రెండవ పక్షము వారికి గంజి పోసినట్లు వాంగ్మూలమందు వెల్లడి అయినందున, ఉభయుల మధ్య రాజీ కుదిరినట్లు భావించడమైనది. రాజీ కుదిరిన చోట వివాదము ఉండదు. వివాదము లేని చోట యుద్ధము ఉండదు. లేని యుద్ధమునకు ఎవరును వెళ్ళజాలరు గనుక అర్జీ మూసివేయడమైనది." కింద మళ్ళీ సంతకం, మళ్ళీ గుండ్రటి ముద్ర.

మా నాన్న బతికున్నన్నాళ్ళూ నోరు మూసుకుని దాచినదాన్ని నేను నోరు జారి చెప్పి, ఆయన్ని యుద్ధంలోంచి బయటికి లాగేశాను. మాట దాచడం ఎందుకో ఆయనకి తెలిసినట్టు నాకు తెలియలేదు.

భద్రం ఆ కాయితాలు మోకాలి మీద పెట్టుకున్నాడు. "మా నాయన చూసింది ఎవర్నో మరి," అన్నాడు, వీధి వైపు చూస్తూ. "రాజమండ్రిలో జనం ఎక్కువ."

అంతే. వాడి వంశంలో క్షమాపణ అంటే అదే, అది కూడా రావడం మొదటిసారి.

తరవాత వాడు గుండుసూది పీకేశాడు.

"అదేంట్రా?"

"ప్రతి కాయితానికీ సంతకం ఉంది, ముద్ర ఉంది. దేనికదే. మొదటిది పట్టుకుని రాళ్ళు చెక్కే దుర్గయ్య దగ్గరికి పద. గుండ్రటి ముద్రున్న కాయితం ఎవరు తెస్తే వాళ్ళ పేరు చెక్కమని ఆఫీసు వాళ్ళే చెప్పేరతనికి."

"మరి రెండోది?"

"ఇంజనాయిలు చూసుకోవాలి నేను. గుడ్డ దొరకట్లేదు," అని మడిచి నడుముకి దోపుకున్నాడు.

పల్లపు దుర్గయ్య మండలాఫీసు ఆవరణలో రాయి పక్కనే తాటాకు పందిరి కింద పని చేస్తున్నాడు. కాయితం తీసుకుని ముందు ముద్ర చూశాడు, తరవాత పేర్లు చూశాడు.

"ఇందులో రెండు పేర్లున్నాయి మామ్మగారూ. రెండూ చెక్కాలా?"

భద్రం నా ముఖం చూశాడు. నేను దుర్గయ్య ముఖం చూశాను. ఆఫీసులో నెల రోజులు తిరిగినందుకు నాకూ కొంత భాష వచ్చింది.

"కాయితంలో పొందుపరచబడినది పొందుపరచబడినట్టు చెక్కవలెను," అన్నాను.

శుక్రవారం పెద్దమనుషులు వచ్చారు. రిబ్బను కత్తిరించారు. వచ్చిన ముఖ్య అతిథి మైకులో పేర్లు చదువుతూ, తొమ్మిదోది అడబాల గవరయ్య అని చదివారు. చప్పట్లు కొట్టారు. అదే ఊపులో పదోది మొరియామా షిగెరు అని కూడా చదివి, "మన మండలం గర్వించదగిన ముద్దుబిడ్డలు" అన్నారు. మళ్ళీ చప్పట్లు కొట్టారు. తహసీల్దారు గారు మాత్రం కొట్టలేదు. త్రిమూర్తుల్ని రాయి వెనక్కి తీసుకువెళ్ళారు. నేను అక్కడే నీడలో కూర్చున్నాను, నాకు అన్నీ వినిపించాయి.

"ఆ చివరి రెండు పేర్లూ వెంటనే సిమెంటుతో పూడ్చేయండి."

"చెక్కిన పేరు తియ్యాలంటే హద్దుదారులకి నోటీసివ్వాలండి."

"ఏ హద్దుదారులు?"

"రాయి మీద గవరయ్యగారి పేరుకి పైన ఎనిమిదోవారు, కింద జపాను వారండి. ముప్పై రోజులు గడువండి. మళ్ళీ ట్రాక్టరుకి అంటించాలండి. భద్రంగారు ఈసారి ఊరుకోరండి."

తహసీల్దారు గారు రాయిని పైనుంచి కిందికి చూశారు. "పరిశీలనలో ఉంచు," అని వెళ్ళిపోయారు.

జనం వెళ్ళాక హిసాకో వచ్చింది. చెప్పులు విప్పింది, సర్ది పెట్టింది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, వాళ్ళ తాత పేరు మీద మెల్లగా పోసింది. వాళ్ళ దేశంలో అలా పోస్తారట, పోయినవాళ్ళకి దాహం వేస్తుందని. తరవాత నన్ను అడిగింది, "మీ నాన్నగారికి కూడా పొయ్యనా అండి?"

"పొయ్యి తల్లీ. పొయ్యి దగ్గర నిలబడీ నిలబడీ పోయేడు."

మా నాన్న పేరు అక్షరం అక్షరమూ తడిసింది. వెనకాల భద్రం నిలబడి, గిన్నె ఎక్కడైనా దొరుకుతుందా అని చుట్టూ చూస్తున్నాడు.

మర్నాడు రాయి కింద తడి ఉందని ఆఫీసు వాళ్ళు గమనించారు. వీరశిల మీద నీళ్ళు పోయుటకు ఎవరు అనుమతించిరి అన్నదాని మీద ఇప్పుడు విచారణ నడుస్తోంది. నడవనీయండి. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి ఇద్దరికీ పోసి వస్తున్నాను.